పక్కదారి మనుషుల బాకీ

(గుంటూరు బ్రాడీపేటలో ఒక గ్రంథాలయం మేడ మీద జరిగిన పుస్తక పరిచయ సభలో రచయిత్రి ప్రసంగం. రికార్డింగు విని రాసిపెట్టినది.)

సభకు నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేసిన పెద్దాయన ఈ కొత్త పుస్తకం గురించి చెబుతూ, "నాలుగు నవలల తర్వాత టీచరుగారు కాస్త ఊపిరి తీసుకుంటూ రాసుకున్న కథలు" అన్నారు. అభిమానంతోనే అన్నారు. నేను మాత్రం ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. ఈ పదకొండు కథలూ రాయడం నాకు నాలుగు నవలలకన్నా కష్టమైంది. నవలల్లో నేను చేసిన బాకీ ఒకటుంది. దాన్ని తీర్చడానికి రాసిన పుస్తకం ఇది.

నవలలు చదవనివాళ్ళు కూడా ఈ హాల్లో ఉంటారు కాబట్టి ముందు వాటి గురించి నాలుగు ముక్కలు చెబుతాను. ఇంగ్లీషులో కోజీ మిస్టరీ అనే రకం ఉంది. అందులో హత్య జరుగుతుంది గానీ నెత్తురు మన కళ్ళ ముందు కారదు. గుట్టు విప్పేది పోలీసాయన కాదు, ఆ ఊళ్ళోనే ఉండే మామూలు మనిషి. ఒకరి సంగతి ఒకరికి తెలిసిన చిన్న ఊరు, పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న వాసన, చివరికి నిజం బయటపడి ఊరు మళ్ళీ కుదుటపడటం. నేను దీన్ని వీధరుగు మిస్టరీ అంటాను. సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాళ్ళకి వీధిలో ఎవరు ఏ వేళకి వస్తారో, ఎవరు ఇవాళ రాలేదో తెలుస్తుంది కదా. పరిశోధన అంటే అదే.

నా నవలలన్నీ ఈ బ్రాడీపేట చుట్టూనే జరుగుతాయి. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అని రెండు అంకెలు చెబితే చాలు, మన పేటలో ఉత్తరం ఇంటికి చేరుతుంది. లెక్కల టీచర్ని కదా, ఆ అంకెల చిరునామా నాకు మొదట్నించీ ఇష్టం. గుట్టు విప్పే ఆవిడ పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడకి పేరు పెట్టలేదు. వీధి మొత్తానికి పిన్నిగారు. చేతిరాత చూసి మనిషిని పోల్చుకుంటుంది, వేసవిలో వీధికంతా పచ్చళ్ళు పెడుతుంది.

ఇక బాకీ సంగతి. దానికి నా చిన్నప్పటికి వెళ్ళాలి.

అరండల్‌పేటలో అద్దె పుస్తకాల షాపు ఒకటి ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మా ఇంట్లో చుట్టాలంత దగ్గరివాళ్ళు. అన్నయ్య తెచ్చిన పుస్తకం రాత్రి నాకు దక్కేది, పొద్దున్నే తిరిగిచ్చేయాలి. ఒకసారి ఎవరిదో ఒక నవల వచ్చింది. రచయిత పేరు గుర్తులేదు. ఏడో పేజీలో ఒక పాత్ర పేరు కింద ఎవరో పెన్సిల్‌తో గీత గీసి, పక్కన "వీడే హంతకుడు" అని రాసిపెట్టారు. ఏడుపొచ్చింది. అయినా చదివేందుకు మరో పుస్తకం లేదు, చదివాను.

చదువుతుంటే వింతగా ఉంది. హంతకుడెవరో తెలుసు కాబట్టి నాకు ఎవరి మీదా అనుమానం లేదు. అనుమానం లేకపోయేసరికి మిగతావాళ్ళు కనిపించారు. ఆ నవలలో ఒక తోటమాలి ఉన్నాడు. నూటయాభై పేజీల పాటు అందరూ అతన్ని పట్టి పీడించారు. అతని గది వెతికారు, పెళ్ళాన్ని నిలబెట్టి అడిగారు. ఆఖర్న అసలువాడు దొరికాక ఆ తోటమాలి గురించి ఒక్క వాక్యం లేదు. అతన్ని వదిలేశారని మనమే అనుకోవాలి. పన్నెండేళ్ళ పిల్లని, నాకు హంతకుడి మీద కోపం రాలేదు. తోటమాలిని అలా వదిలేసినందుకు పుస్తకం మీదే వచ్చింది.

ఆ కోపం పెద్దయ్యాక ఉండాల్సిన చోట లేకపోయింది. అదీ చెబుతాను.

నేను పనిచేసిన ఒక బడిలో, ఏ బడో చెప్పను, ఒక ఏడాది పరీక్ష ఫీజు డబ్బు కనిపించలేదు. స్టాఫ్ రూములో బీరువా, దాని తాళంచెవి మేకుకి. ఆ గదిలోకి పొద్దున్నే ఊడవడానికి వచ్చేది ఆయమ్మ. ఎవరూ ఆవిణ్ణి దొంగ అనలేదు. "నువ్వేమైనా చూశావా" అని ఒక్కొక్కరుగా అడిగారు. పదకొండు మంది టీచర్లం, పదకొండు సార్లు అడిగాం. నేనూ అడిగాను. మర్నాటి నుంచి ఆవిడ తన అన్నం క్యారేజీ మూత తీసి టేబుల్ మీద పెట్టేది, చేతిసంచి బోర్లించి దులిపి మేకుకి తగిలించేది. ఎవరూ అడగకుండానే. వారం తర్వాత పాత హాజరు రిజిస్టరులో, రెండు అట్టల మధ్య కవరు దొరికింది. రిజిస్టరు సర్దిన మాస్టారే మర్చిపోయారు. అందరం హమ్మయ్య అనుకున్నాం, టీ తెప్పించుకున్నాం. ఆయమ్మకి ఆ సంగతి ఎవరం చెప్పలేదు. చెప్పకూడదని కాదు, చెప్పాలని తోచలేదు. ఇంకో నెలకి ఆవిడ పని మానేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా రెండో నవల. మిర్చి యార్డు చుట్టూ తిరిగే కథ. అందులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా ఉన్నాడు. షావుకారు చనిపోయిన రాత్రి అతను కొట్లోనే ఉన్నాడు, కాటా చీటీల్లో అంకె దిద్దాడు, భార్య నగలు కుదవపెట్టాడు. అన్ని వేళ్ళూ అతని వైపే చూపించేలా నేనే చేశాను. పాఠకుల చూపు మళ్ళించడానికి మేము పెట్టే మనిషి అలాంటివాడు. పక్కదారి మనిషి. అతను ఎంత గట్టిగా దొంగలా కనిపిస్తే నవల అంత బాగా ఆడుతుంది. ఆఖరి అధ్యాయంలో పిన్నిగారు అసలు సంగతి విప్పేసింది, పుస్తకం అయిపోయింది. బాగుందని ఉత్తరాలొచ్చాయి, ఫోన్లొచ్చాయి.

ఒక ఫోను మాత్రం వేరే. గొంతు పెద్దావిడది. "అమ్మా, ఆ గుమాస్తా మర్నాడు పనిలోకి వెళ్ళాడా? వెళ్తే ఎవరు మాట్లాడారు అతనితో?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది నాకు, ఆ క్యారేజీ మూత.

నాలుగు నవలలు తిరగేసి లెక్కపెట్టాను. పద్నాలుగు మంది. పద్నాలుగు మంది నిరపరాధుల మీద అనుమానం పోసి, తుడవకుండా వదిలేశాను. వాళ్ళలో పదకొండు మందికి ఈ పుస్తకంలో తలో కథ రాశాను. మిగతా ముగ్గురి గురించి తర్వాత చెబుతాను.

నవలల సిరీసుకి తోడుగా కథల పుస్తకం వేయడం ఈ రంగంలో పాత అలవాటే. కానీ మన దగ్గర దాన్ని మిగిలిన పిండితో వేసిన ఆఖరి అట్టులా చూస్తారు. ఈ పుస్తకం వేయడానికి ఆలోచించిన ఒక ప్రచురణకర్త కూడా, "ఐదో నవల రాసివ్వండి, కథలు ఎవరు కొంటారండీ" అన్నారు. చరిత్ర చూస్తే అలా లేదు. ఇంగ్లీషు రచయిత్రి అగాథా క్రిస్టీ, గుట్లు విప్పే తన ముసలావిడ మిస్ మార్పుల్‌ని నవలతో లోకానికి పరిచయం చెయ్యలేదు. 1927 డిసెంబరులో ఒక పత్రికలో వచ్చిన చిన్న కథలో ఆ ముసలావిడ మొదటిసారి కనిపించింది. నవల వచ్చింది 1930లో. ఆ తొలి కథలన్నీ పదమూడింటిని చేర్చి 1932లో సంపుటి వేశారు. అంటే ముందు కథ, తర్వాత నవల. కోనన్ డాయిల్ రాసిన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ నవలతోనే మొదలయ్యాడు గానీ, అతనికి పేరు తెచ్చింది కథలే. 1887లో ఒక నవల, 1890లో ఇంకొకటి వచ్చాయి, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1891లో స్ట్రాండ్ పత్రికలో నెలకో కథ మొదలయ్యాకే జనం ఎగబడ్డారు. మొత్తం మీద నవలలు 4, కథలు 56.

మిస్ మార్పుల్ పదమూడు కథల్లో నాకు బాగా నచ్చేది వాటిని కూర్చిన తీరు. మొదటి కథల్లో ఆరుగురు ఒక ఇంట్లో కూర్చుంటారు. ఒక్కొక్కరు తమకి తెలిసిన ఒక గుట్టు చెప్పాలి, మిగతావాళ్ళు విప్పాలి. పోలీసు పెద్ద, లాయరు, పాదిరీ, రచయిత, చిత్రకారిణి, పెద్ద కుర్చీలో అల్లిక పట్టుకున్న ముసలావిడ. ఆవిణ్ణి ఎవరూ లెక్కలోకే తీసుకోరు. ఆవిడేమో ప్రతిదానికీ తన ఊళ్ళో జరిగిన చిన్న సంగతి ఒకటి గుర్తుచేసుకుంటుంది. అక్కడ నాకు మన అరుగులే కనిపించాయి.

కథకి ఇంకో సుఖం ఉంది. అందులో ఎవరూ చావక్కర్లేదు. సిరీసు పెరిగేకొద్దీ ఒకే వీధిలో ఎంతమంది చస్తారండీ? అమెరికాలో 1984 నుంచి 1996 దాకా ఒక టీవీ సీరియల్ వచ్చింది, 264 ఎపిసోడ్లు. అందులో కాబట్ కోవ్ అనే చిన్న కల్పిత పట్నంలో ఎన్ని హత్యలు జరిగాయంటే, ఇలాంటి ఇబ్బందికి ఆ ఊరి పేరే పెట్టేశారు. నా నవలల్లో నాలుగు చావులు. మన పేటకి అవి చాలు. ఈ పదకొండు కథల్లో ఒక్క హత్యా లేదు. పోయిన వస్తువు, మారిన చేతిరాత, చెడిపోయిన పచ్చడి.

చెడిపోయిన పచ్చడి కథ కొంచెం విప్పి చెబుతాను. ఈ రకం రచనలో ఆధారం అంటే ఏమిటో తెలుస్తుంది.

మూడో నవలలో వంటమనిషి కూతురు ఒకమ్మాయి ఉంది. విషం కలిపిందేమోనని అనుమానపడ్డారు, కాదని తేలింది. ఈ కథ ఆ మరుసటి వేసవిలో జరుగుతుంది. పిన్నిగారింట్లో ఐదిళ్ళకి కలిపి ఆవకాయ పెట్టారు. కాయ ఒకటే, కారం ఒకటే, ఆవపిండి ఒకటే. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, ఐదు జాడీల్లోకి ఎత్తి, నూనె పోసి, వాసెన కట్టారు. కలిపినవాళ్ళలో ఆ అమ్మాయి కూడా ఉంది. నెలన్నర తర్వాత ఒక ఇంట్లో జాడీ తీస్తే పైన తెల్లగా బూజు. ఇంక ఆ ఇంట్లో పెద్దావిడ ఏమందో ఇక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. "ఆ పిల్ల బయట చేరి ముట్టుకుని ఉంటుంది." వీధంతా పాకింది. అసలే ఒకసారి అనుమానం మోసిన పిల్ల. రెండోసారి చాలా తేలిగ్గా అంటుకుంది.

పిన్నిగారు ఏం చేసిందంటే, మిగతా నాలుగు జాడీలూ తెరిపించింది. బాగున్నాయి. చెయ్యి చెడ్డదైతే ఐదూ చెడాలి కదా. నా వృత్తి వాసన ఇక్కడ కథలోకి వచ్చేసింది. ఐదు లెక్కలకీ సూత్రం ఒకటే అయినప్పుడు, ఒక్క జవాబే తప్పు వస్తే, ఆ తప్పు సూత్రంలో ఉండదు.

తర్వాత బూజు పట్టిన జాడీ ఎండకి వంచి లోపలి గోడ చూసింది. నూనె తేలిన చోట ఎర్రటి గీత పడుతుంది. ముక్క నూనె పీలుస్తుంది కాబట్టి నూనె కొంత దిగడం సహజమే. నాలుగు జాడీల్లోనూ గీతకి నూనెకి మధ్య వేలెడు దూరం. ఈ జాడీలో నాలుగు వేళ్ళు. ముక్కలు పైకి తేలి ఆరిపోయి ఉన్నాయి. నూనె పైన ఉన్నంతకాలం గాలి తగలదు, ముక్క చెడదు. ఎవరో పైనూనె వంచేసుకున్నారు, అదీ ఒకసారి కాదు. ముద్దపప్పు అన్నంలో ఆవకాయ నూనె వేసుకుని తినడం ఇష్టమైనవాళ్ళు, డాక్టరు నూనె మానమన్నవాళ్ళు, ఆ ఇంట్లో ఒకరున్నారు. ఎవరో చెప్పను.

ఆ ఎర్ర గీత కోసం నేను మా ఇంటి జాడీ రెండు వేసవులు చూశాను. స్కేలు పెట్టి కొలిచాను. ముక్క ఎంత పీలుస్తుందో తెలియకుండా ఆ కథ రాయకూడదు. పాఠకురాలు వంటింట్లోకి వెళ్ళి తన జాడీ తీసి సరిచూసుకోగలగాలి. ఆధారం పాఠకుల కళ్ళ ముందే ఉండాలి, రచయిత కొంగులో దాచుకోకూడదు. ఈ రకం రచనకి ఉన్న నిజాయితీ అది.

అయితే నా కథ అక్కడ అయిపోలేదు. నవలైతే అక్కడ అయిపోయేది. ఇక్కడ పిన్నిగారు ఆ పెద్దావిణ్ణి వెంటబెట్టుకుని వంటమనిషి ఇంటికి వెళ్తుంది. "జాడీ చెడింది నీవల్ల కాదు" అని ఆ పిల్లతో పెద్దావిడ చేతే చెప్పిస్తుంది. ఆ ఒక్క మాట చెప్పించడానికి కథలో మూడు పేజీలు పట్టింది. నిజం కనిపెట్టడానికి రెండు పేజీలే పట్టింది. ఈ పుస్తకంలో ప్రతి కథకీ కొలత దాదాపు అంతే.

గుమాస్తా కథలో పిన్నిగారు అసలు లేదు. కొంతమంది మిత్రులకి అది నచ్చలేదు. కానీ అతని మీద పడ్డ మచ్చ గురించి ఇంకొకరు వచ్చి విప్పడం కన్నా అతని చేతికే ఒక గుట్టు ఇవ్వాలనిపించింది. యార్డులో ఫిబ్రవరి దాటాక సరుకు ఎలా వచ్చి పడుతుందో మనకి తెలుసు. ఘాటుకి తుమ్ములు, ముక్కులకి గుడ్డలు. ఒక రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నలభై. కాటా అయ్యాక చీటీలో ముప్పైతొమ్మిది. అందరూ ఒక కొత్త హమాలీ వైపు చూశారు. గుమాస్తా చూడలేదు. అందరూ ఒకవైపు చూస్తే ఎలా ఉంటుందో అతనికి తెలుసు. అతను తేజ రకం మిర్చి దగ్గర మొదలుపెట్టి, రంగు వెలిసిన తాలు కాయలు వేరుగా పోసిన మూలదాకా మళ్ళీ మొదటి నుంచి తనే లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. నలభయ్యోది ఎక్కడుందో చదువుకోండి. ఆ కథ చివర హమాలీ రెండు టీలు తెచ్చి ఒకటి అతని ముందు పెడతాడు. నవల అయిపోయిన రోజు నుంచి అతనితో టీ తాగినవాళ్ళు ఎవరూ లేరు. నాకు ఫోను చేసిన ఆ పెద్దావిడ ప్రశ్నకి జవాబు అదే. ఆవిడ నంబరు రాసిపెట్టుకోలేదు. ఈ సభకి వచ్చి ఉంటే బాగుండునని ఉంది.

ఇక ఆ మిగిలిన ముగ్గురు. వాళ్ళ గురించి రాస్తే నవలలో అసలు దోషి ఎవరో బయటపడిపోతుంది. ఒకావిడ దోషి తల్లి. కొడుకు జైలుకి వెళ్ళాక ఆవిడ అదే వీధిలో, అదే ఇంట్లో ఉంటోంది. పాలవాడు వస్తాడా, పక్కింటివాళ్ళు పలకరిస్తారా? నాకు అన్నిటికన్నా రాయాలని ఉన్న కథ అది. నవల చదవని పాఠకురాలికి అన్యాయం చెయ్యకుండా ఎలా రాయాలో ఇంకా తేలలేదు. హోమ్స్‌ని 1893లో చంపేసిన కోనన్ డాయిల్ 1901లో మళ్ళీ రాయాల్సి వచ్చినప్పుడు ఆ చావుకి ముందు కాలంలోకి వెళ్ళి నవల రాశాడు. నేనూ ఆ తల్లి కథని మొదటి నవలకి పదేళ్ళ ముందు పెట్టి రాసి చూశాను. కుదరలేదు. అప్పుడు ఆవిడకి ఇంకా ఏ దుఃఖమూ లేదు. చింపేశాను. ఆ ముగ్గురి బాకీ అలాగే ఉంది.

చివరగా ఒక్కటి చెప్పి కూర్చుంటాను.

పుస్తకం అచ్చు నుంచి వచ్చాక మొదటి ప్రతి తీసుకుని ఆ ఆయమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బడి మానేశాక చాలా ఏళ్ళు మిర్చికి తొడిమలు తీసే పనికి వెళ్ళిందట. ఇప్పుడు పనికి వెళ్ళడం లేదు గానీ, నేను వెళ్ళేసరికి గుమ్మంలో చాట పెట్టుకుని ఇంటి ఖర్చుకి కొన్న కాయలకి తొడిమలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి "లెక్కల టీచరమ్మా" అంది. డబ్బు ఎక్కడ దొరికిందో, ఎప్పుడు దొరికిందో చెప్పాను. చెప్పకుండా ఊరుకున్నది తప్పని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, చేతులు మాత్రం కాయల మీద ఆడుతూనే ఉన్నాయి. చదువు రాదు కాబట్టి ఏదైనా చదివి వినిపించమంది. బడిలో ఫీజు డబ్బు పోయిన కథ ఇందులో ఉంది, చివరిది. అది చదివాను. పిన్నిగారు ఆయా ఇంటి ముందు నిలబడి, "డబ్బు దొరికిందమ్మా, నువ్వు తియ్యలేదు" అని వీధి మొత్తానికి వినపడేలా చెప్పే చోటికి వచ్చాను. చాటలో చేతులు ఆగిపోయాయి.

"ఆ ముక్క ఇంకోసారి చదవమ్మా" అంది. కొంచెం గట్టిగా చదివాను. పక్కింట్లోంచి ఒకావిడ బయటికొచ్చి నిలబడింది.

"ఇంకోసారి" అంది.

చదివాను. నమస్కారం.